యావరాత్ సందులోంచి

తెల్లవారింది. బ్యాంకాక్ చైనాటౌన్‌లో యావరాత్ రోడ్డు మీద రాత్రి తిండిబళ్లు కడిగిన నీళ్లు ఇంకా ఆరలేదు. పక్క సందులోకి తిరగండి. ఎండుమిరప ఘాటు గొంతు పట్టేస్తుంది, వెంటనే ఎండురొయ్యల వాసన. వెనక నుంచి బస్తాల తోపుడుబండి వస్తోంది, గోడకి ఒదిగి దారివ్వండి. బండివాడు ఆగడు.

ఈ చైనాటౌన్‌లోనే 1921లో, చైనాలోని శాంటౌ నుంచి వచ్చిన చియా ఎక్ చోర్ సోదరుడితో కలిసి కూరగాయ విత్తనాల కొట్టు పెట్టాడు. పేరు చియా తాయ్, ముద్ర విమానం బొమ్మ. పొట్లం మీద గడువు తేదీ అచ్చువేయించాడు. విత్తు మొలవకపోతే రైతుకి ఏం పోతుందో తెలిసిన మనిషి. ఆయనంటే నాకు గౌరవం.

ఆ కొట్టే పెరిగి చరోన్ పోక్‌పండ్ అయింది. అందరి నోటా సీపీ. భీమవరం వైపు రొయ్యల రైతులకి మేత బస్తాల మీద ఈ పేరు పాత పరిచయమే. విత్తనాల నుంచి మేతకి, ఎక్ చోర్ చిన్నకొడుకు థనిన్ చియారవనోంట్ హయాంలో మేత నుంచి కోళ్లకి వ్యాపారం సాగింది. కోడిపిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, దాని మీద అప్పు రైతువి. పెరిగిన కోళ్లు తిరిగి కంపెనీకే. మన కోళ్ల రైతులు ఇంటిగ్రేషన్ అనేది దీన్నే.

సందు చివర సెవెన్ ఎలెవన్. తలుపు తెరుచుకోగానే ఏసీ చల్లదనం ముఖానికి తగులుతుంది. థాయ్‌లాండ్‌లో ఈ గొలుసు మొదటి దుకాణం 1989లో పట్‌పోంగ్‌లో తెరిచారు, ఇప్పుడు దేశమంతా 14,000 పైనే. చికెన్ సాసేజ్ తీసుకోండి, అది సీపీది. ఫోన్‌లో ట్రూ సిమ్ ఉందా? అదీ ఆ కుటుంబానిదే. ట్రూ మనీతో డబ్బు కడితే అదీ అంతే. దుకాణం సరేసరి.

ఎదురుగా చోహువై, అంటే మన చిల్లర కొట్టు. ముసలమ్మ షట్టర్ ఎత్తి, నూడుల్స్ పెట్టె విప్పుతోంది. అరువు పద్దు పుస్తకం గల్లాపెట్టె పక్కనే ఉంది. సరుకు ఎక్కడిదమ్మా అని అడగండి. "మాక్రో" అంటుంది. ఆ హోల్‌సేల్ మాక్రోని సీపీ 2013లో కొనేసింది. ఎదురింటి పోటీదారు దగ్గరే ఆమె సరుకు కొనుక్కోవాలి.

1997లో థాయ్ కరెన్సీ బాత్ కుప్పకూలాక, సీపీవాళ్లు తమ లోటస్ దుకాణాల్లో పెద్ద వాటా 1998లో బ్రిటిష్ కంపెనీ టెస్కోకి అమ్ముకున్నారు. 2020లో మలేసియా దుకాణాలతో సహా 1,060 కోట్ల డాలర్లకి తిరిగి కొన్నారు. పోటీ వ్యవహారాల కమిషన్‌లో నలుగురు అవునని, ముగ్గురు కాదని అంటే, అనుమతి దొరికింది. నేనైతే ఆ ముగ్గురి పక్షం. ముసలమ్మకి సరుకు వేసే చేతులు ఒకటికి రెండైనా ఉండాలి కదా.