పులిజూదం: మేకల పక్షాన ఒక ఆట

ఒక కొన. దాని నుంచి కిందికి నాలుగు గీతలు. వాటికి అడ్డంగా మరో నాలుగు. అడ్డగీతల్లో పై మూడూ ఇరుపక్కలకూ సాగి, చివర్లలో నిలువు గీతలతో కలుస్తాయి. మొత్తం 23 కూడళ్లు. మూడు పెద్ద రాళ్లు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. బండ మీద బొగ్గుతో గీస్తే పులిజూదం సిద్ధం.

నల్లగొండ, పాలమూరు మెట్టప్రాంతాల్లో ఈ ఆటకు చక్కటి నేపథ్యం ఉంది. ఇటు గొల్లకురుమల మందలు, అటు పులులు తిరిగే నల్లమల. మందకు పులి భయం ఇక్కడ కథల్లో మాటే కాదు, కాపరి బతుకులో భాగం.

పులి పక్కనున్న మేకను దాటి, అవతలి ఖాళీ కూడలిలోకి దూకితే ఆ మేక చచ్చినట్టే. మేకలు దూకలేవు. పదిహేనూ బండ మీదికి దిగేదాకా కదలనూ లేవు. అందుకే తెలిసిన ఆటగాడు ముందు మూలలు పడతాడు: మూలనున్న మేక వెనక పులి దూకడానికి చోటుండదు. తర్వాత ఒకదాని వెనక ఒకటి నిలిపి దారులు మూస్తాడు. మూడు పులులకూ అడుగు పడకపోతే మేకలదే గెలుపు.

ఇది తెలుగువాళ్లకే సొంతం కాదు. తమిళనాట ఆడు పులి ఆట్టం, నేపాల్‌లో నాలుగు పులులు, 20 మేకలతో ఆడే బాఘ్ చాల్, యూరప్‌లో నక్క–బాతుల ఆట ఇదే కోవలోవి. ఒకరికి బలం, మరొకరికి సంఖ్య.

పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు రావడానికి మూలమైన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) పులివేటలో పేరుమోసినవాడు. తుపాకీ పట్టిన ప్రభువుల వేటలు చరిత్రకెక్కాయి. ఆయుధం లేని కాపరి పులిని ఎలా కట్టడి చేయాలనుకున్నాడో చెప్పేది మాత్రం ఈ ఆటే.

దాని వయసు తేల్చడం కష్టం. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయాన్ని ఎరకసాని 1208లో కట్టించిందని శాసనం చెబుతుంది. ఆట గీతలకు మాత్రం అలాంటి శాసనాలుండవు. హంపీ మండపాల్లోలా రాతి మీద చెక్కిన గీతలు దొరికినా, అవి కట్టడం తర్వాత ఏ శతాబ్దానివైనా కావచ్చు.

అందుకే ఊళ్లలో పాత గుళ్లకు, రచ్చబండలకు కొత్త రాళ్లు పరిచే ముందు ఒకసారి నేల చూడాలి. గీతలుంటే ఫొటో తీసి, కొలతలు రాసి, ఆడిన పెద్దలనడిగి ఆ ఊరి నియమాలు నమోదు చేయాలి. బండ లేచిపోయాక ఆ పని ఎవరివల్లా కాదు.