పార కామ, గోల్ఫ్ కర్ర

మా జగ్గయ్యపేట, నందిగామ వైపు (2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా లెండి, నోటికి మాత్రం ఇంకా కృష్ణా జిల్లా అనే వస్తుంది) పారకి కామ వేయించేటప్పుడు మనిషి ఎత్తు చూస్తారు. పొడుగు మనిషి చేతికి పొట్టి కామ ఇస్తే సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. తప్పు మనిషిది కాదు, కామది. ఇంత చిన్న సంగతి గోల్ఫ్ వాళ్ళకి బోధపడటానికి దశాబ్దాలు పట్టింది.

ఈ గోల్ఫ్ గొడవ మనకెందుకంటారా? అమెరికాలో ఉన్నవాళ్ళు సరే, హైదరాబాదులో కూడా గోల్కొండ నయా ఖిలా, గచ్చిబౌలి మైదానాల్లో మన ఐటీ జనం కనిపిస్తున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఏ డ్రైవర్ కొనాలి, ఏ ఐరన్లు కొనాలి? చాలామంది టీవీలో ఛాంపియన్ చేతిలో ఉన్నది కొనేస్తారు. బంతి వంకరగా పోతే "నాకు రాదులే" అని వదిలేస్తారు.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఒకప్పుడు కర్రల కాడలు హికరీ చెక్కవి. ఏ రెండూ ఒకేలా వంగవు. అందుకని ఆటగాడు ఒక్కొక్కటే ఊపి చూసి ఏరుకునేవాడు. బాబీ జోన్స్ 1930లో నాలుగు పెద్ద టైటిళ్ళూ గెలిచింది అలాంటి కర్రలతోనే. బ్రిటన్‌లో 1929లో స్టీలు కాడని ఒప్పుకున్నాక ఒకే తీరు సెట్లు ఫ్యాక్టరీలో తయారుకావడం తేలికైంది. సంచుల్లో కర్రలు ఎక్కువైపోయి, అమెరికా 1938లో 14 కంటే ఎక్కువ ఉండకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చింది. సెట్టు చవకైంది, కానీ మనిషిని చూసే పద్ధతి పోయింది.

దాన్ని తిరిగి తెచ్చినవాడు మనలాంటి ఇంజినీరే! కార్స్టెన్ సోల్‌హైమ్, జనరల్ ఎలక్ట్రిక్‌లో ఉద్యోగం. నలభై దాటాక ఆట మొదలుపెట్టాడు, పటింగ్ అస్సలు కుదరలేదు. తనని తిట్టుకోకుండా కర్రని అనుమానించాడు. బరువంతా మధ్యలో ఉంటే, బంతి కాస్త పక్కన తగిలినా ముఖం తిరిగిపోతుంది. బరువుని అంచులకి జరిపితే అంతగా తిరగదు. తీగ మీద నడిచేవాళ్ళు పొడుగాటి గడ పట్టుకునేది కూడా ఇందుకే కదా. 1959లో గ్యారేజీలో చేసిన పటర్ బంతికి తగిలి 'పింగ్' అని మోగింది, కంపెనీకి అదే పేరు. తర్వాత అదే సూత్రం ఐరన్లకీ ఎక్కించాడు. మన భాషలో చెప్పాలంటే ఎర్రర్ హ్యాండ్లింగ్ అన్నమాట :) పైగా ఎత్తునీ, మణికట్టు నేలకి ఎంత దూరమో కొలిచి ఐరన్ వాలు ఎంతుండాలో చెప్పే రంగుల పట్టిక కూడా ఆ కంపెనీయే పెట్టింది. మళ్ళీ మన కామ లెక్కే!

డ్రైవర్లదీ ఇదే కథ. చెక్క తలల స్థానంలో 1979లో టేలర్‌మేడ్ లోహం తెచ్చింది. 1991లో క్యాలవే బిగ్ బెర్తా తల ఇంకా పెద్దదైంది. చివరికి 2004లో తల 460 సీసీ దాటకూడదని హద్దు పెట్టారు.

ఇక మన ప్రశ్నకి జవాబు. కొత్తవాళ్ళయితే పెద్ద తల, 10.5 నుంచి 12 డిగ్రీల లాఫ్ట్, మెత్తగా వంగే కాడ ఉన్న డ్రైవర్ తీసుకోండి. ఐరన్లు వెనక గుంట ఉన్నవి (క్యావిటీ బ్యాక్). 3, 4 నంబర్ల ఐరన్లు మానేసి హైబ్రిడ్లు పెట్టుకోండి. సన్నటి బ్లేడ్లు, గట్టి కాడలు వేగంగా, ప్రతిసారీ ఒకేచోట కొట్టగలిగేవాళ్ళకి.

హైదరాబాదు నుంచి వెళ్ళిన తల్లిదండ్రుల కొడుకు సాహిత్ తీగల 2023లో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అతని సంచిలో ఉన్నవీ పింగ్ కర్రలే. అదే కంపెనీ మనకీ చేస్తుంది, కానీ అతనికి కుదిరిన మోడల్ మనకి కుదరాలని లేదు. తేలిక కర్ర కొనడం నామోషీ అనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే... మన సాఫ్ట్‌వేర్ వాడే జనం తప్పు నొక్కినా అది కూలిపోకూడదని రాత్రింబవళ్ళు కష్టపడతామే, ఆ మర్యాద మనకి మనం ఇచ్చుకుంటే తప్పేంటి?