ది లీగ్ ఆఫ్ ఎక్స్‌ట్రార్డినరీ జెంటిల్‌మెన్

ఆంగ్ల రచయిత అలన్ మూర్, చిత్రకారుడు కెవిన్ ఓనీల్ సృష్టించిన కామిక్స్ వరుస ఇది. ఆరు సంచికల తొలి సంపుటం 1999లో మొదలైంది.

కథాకాలం 1898. బ్రిటిష్ గూఢచారి శాఖ పోగుచేసిన వాళ్లంతా పాత నవలల్లోంచి లేచొచ్చిన వాళ్లే: డ్రాకులా బారినుంచి బయటపడ్డ మీనా మరే, నల్లమందుకు బానిసైన వేటగాడు క్వాటర్‌మెయిన్, కెప్టెన్ నీమో, డాక్టర్ జెకిల్, అదృశ్య మానవుడు. ఒకరంటే ఒకరికి పడదు.

గురుత్వాకర్షణను అడ్డుకునే కేవరైట్ దొంగల పాలైంది, తెచ్చిపెట్టమన్నారు. తెచ్చి ఇచ్చాకగానీ అసలు గుట్టు బయటపడదు. పై అధికారి ‘ఎం’ మరెవరో కాదు, షెర్లాక్ హోమ్స్ శత్రువు ప్రొఫెసర్ మోరియార్టీ! ఎగిరే ఓడతో లండన్ తూర్పు వాడలపై బాంబులు కురిపించి, ప్రత్యర్థి ముఠాను తుడిచిపెట్టాలన్నది అతని పన్నాగం. చివరికి కేవరైట్‌ను వదల్లేక గట్టిగా పట్టుకుని, దానితోపాటే ఆకాశంలోకి ఎగిరిపోతాడు.

మన పాఠకులకు ఆసక్తి కలిగించేది నీమో. జూల్ వెర్న్ రాసిన ప్రకారం అతను బుందేల్‌ఖండ్ రాకుమారుడు డక్కర్, 1857 తిరుగుబాటులో పోరాడినవాడు. 1954 నాటి డిస్నీ చిత్రంలో జేమ్స్ మేసన్ వేసిన ఆ పాత్రకు ఓనీల్ తలపాగా చుట్టి, భారతీయుడిగా నిలబెట్టాడు.

2003 సినిమా కామిక్ పదునును చాలావరకు మొద్దుబార్చింది. అయినా నీమోగా నసీరుద్దీన్ షాను ఎంచుకోవడం మెచ్చదగ్గదే. క్వాటర్‌మెయిన్‌గా నటించిన షాన్ కానరీకి తెరపై అదే చివరి ప్రధాన పాత్ర.