యుద్ధం లేని చోట ఒక సైనికుడు

సైనికుల చరిత్ర అనగానే మనకు యుద్ధాలే గుర్తుకొస్తాయి. కానీ చాలామంది సైనికుల సర్వీసులో ఎక్కువ రోజులు కాల్పులు లేకుండానే గడుస్తాయి. డ్యూటీ, బ్యారక్, మెస్, ఇంటి కబురు కోసం ఎదురుచూపు. మా హాస్టల్లో చదివి సైన్యంలో చేరిన పిల్లలు సెలవుపై వచ్చినప్పుడు మాతో చెప్పుకునేవి ఈ సంగతులే. అలాంటి ఒక యువకుడి గురించి ఇక్కడ చెప్పుకుందాం. అతడు గిరిజనుడు కాదు. అయినా అతడి కథ చివరికి ఒక గిరిజన సైనికుడి దగ్గరికి చేరుతుంది.

జానీ క్యాష్ 1932లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో పేద రైతు ఇంట పుట్టాడు. చిన్నతనమంతా పత్తి చేలోనే గడిచింది. 1950 జూలైలో, 18 ఏళ్ల వయసులో, వైమానిక దళంలో చేరాడు. అప్పటికే కొరియాలో యుద్ధం మొదలైంది. అతణ్ణి మాత్రం 1951లో పశ్చిమ జర్మనీలోని లాండ్స్‌బర్గ్‌కు పంపారు. అక్కడ యుద్ధం ముగిసి ఆరేళ్లయింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, సోవియట్ సైన్యం మోర్స్ కోడ్‌లో పంపే సందేశాలను విని రాసిపెట్టడం అతడి పని. తుపాకీతో కాదు, చెవులతో చేసే కాపలా అది.

దాదాపు మూడేళ్లు ఇంటి ముఖం చూడలేదు. శిక్షణ కాలంలో టెక్సాస్‌లో పరిచయమైన వివియన్ అనే అమ్మాయికి వందల ఉత్తరాలు రాశాడు. ఒంటరితనం, తాగుడు, దానిపై పశ్చాత్తాపం ఏదీ దాచలేదు. 1954లో తిరిగొచ్చి ఆమెనే పెళ్లాడాడు.

ఖాళీ వేళల్లో అతణ్ణి నిలబెట్టింది పాట. జర్మనీలో 20 మార్కులకు ఒక గిటార్ కొన్నాడు. తోటి సైనికులతో జట్టుకట్టి చిన్ననాటి పల్లె పాటలు, భక్తి పాటలు పాడాడు. అక్కడే ఫోల్సమ్ జైలు మీద తీసిన సినిమా చూసి, తర్వాత తనకు పేరు తెచ్చిన జైలు పాటకు శ్రీకారం చుట్టాడు.

పేరొచ్చాక, 1964లో అమెరికా ఆదివాసుల బాధలపై ఒక ఆల్బమ్ చేశాడు. అందులో పీటర్ లా ఫార్జ్ రాసిన ఐరా హేస్ పాట ఉంది. ఐరా పీమా తెగవాడు. 1945లో ఇవో జిమాలో జెండా ఎత్తిన ఆరుగురిలో ఒకడు. ఆ ఫొటో లోకమంతా చూసింది. కానీ అతడి తెగ పొలాలను తడిపిన గీలా నది నీళ్లను ఎగువన వలసవచ్చినవాళ్లు అంతకు చాలా ముందే మళ్లించుకున్నారు. ఐరా తాగుడుకు లోనై, 1955 జనవరిలో, 32 ఏళ్లకే ఊరి దగ్గర ఆరుబయట శవమై కనిపించాడు. నీళ్లు, నేలలు పోగొట్టుకున్న మన ఊళ్లకు ఇది కొత్త కథ కాదు.

చాలా రేడియో స్టేషన్లు ఆ పాట వేయడానికి వెనకాడాయి. క్యాష్ సొంత ఖర్చుతో బిల్‌బోర్డ్ పత్రికలో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చి వాళ్లను నిలదీశాడు. శత్రువు సందేశాలు వినడమే ఉద్యోగంగా బతికిన కుర్రాడు, సొంత దేశం వినని గొంతును నలుగురికీ వినిపించాడు.

మన గూడేల నుంచి వెళ్లిన సైనికుల ఉత్తరాలు, ఫొటోలు ఇప్పటికీ ట్రంకు పెట్టెల్లోనే ఉన్నాయి. పతకాలు రాకపోయినా అవి మన చరిత్రే. చెదలు పట్టకముందే వాటిని సేకరిద్దాం. సెలవుపై వచ్చిన పిల్లల్ని జీతం ఎంతని మాత్రమే కాదు, అక్కడ రాత్రుళ్లు ఎలా గడుస్తాయో, మన పాటల్లో ఏవి పాడుకుంటారో కూడా అడుగుదాం. వాళ్లు చెప్పింది రాసిపెడదాం.