అనంతపురపు బావినీరు – విద్యుత్తు సాక్ష్యము

క్రొత్త బావిలో నీరు పడగానే దాని మంచిచెడ్డలు తేల్చుటకు మన ఇల్లాండ్రకు ఒక పరీక్ష తెలియును. ఆ నీట కందిపప్పు ఉడికినచో మంచినీరు, ఉడుకకున్నచో ఉప్పునీరు. విద్యుత్తుతో నీటిని పరీక్షించు విద్య దీనికి చాల తరువాతిది.

పరిశుద్ధమైన నీరు విద్యుత్తును దాదాపు ప్రసరింపనీయదు. 1894లో జర్మనీలో కోల్‌రౌష్, హైడ్‌వైలర్ అను శాస్త్రజ్ఞులు నీటిని అతిశుద్ధము చేసి కొలువగా, దాని వాహకత సెంటీమీటరుకు 0.04 మైక్రోసీమెన్ల ప్రాంతమున తేలినది. అనంతపురం బావులలో అది వేయి దాటుట వింత కాదు. ఇంత వ్యత్యాసమునకు కారణము కరిగిన లవణములే. ఉప్పు నీటిలో ధన, ఋణ అయానులుగా విడిపోవుననియు, విద్యుత్తును మోయునవి అవియే యనియు స్వీడను దేశీయుడు అర్హీనియస్ 1887లో స్పష్టపరచెను. అంతకు మూడేండ్ల ముందు ఆయన సమర్పించిన సిద్ధాంత వ్యాసమును ఉప్సాలా పండితులు చిన్నచూపు చూచిరి. 1903లో నోబెల్ బహుమానము ఆ కృషికే లభించినది! పంచదార కూడ నీట కరుగును గాని అయానులుగా విడిపోదు. కనుక వాహకతను పెంచదు.

అనంతపురం సీమలో ఏటా కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లు. విజయనగర కాలపు బుక్కరాయసముద్రము వంటి చెరువులలో నిలుచునది వాననీరు; దానిలో లవణము స్వల్పము. గ్రానైటు పగుళ్ళలో ఏండ్ల తరబడి నిలిచిన నీరు మాత్రము రాతిలోని ఖనిజములను కరగించుకొనును. వానిలో ఫ్లోరైడు ఒకటి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారిగార్లు నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో వెన్ను బిగిసి వంగలేని రోగులను పరీక్షించి, త్రాగునీటిలోని ఫ్లోరైడే అందుకు కారణమని ప్రకటించిరి. అదే పీడ అనంతపురం పల్లెలలోను కలదు.

మరి వాహకత కొలిచిన ఫ్లోరైడు బయటపడునా? పడదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని హద్దు. అంత ఫ్లోరైడు, తన జంటయగు సోడియముతో కలిసి, వాహకతకు చేర్చునది సుమారు 8 మైక్రోసీమెన్లు. వేయి చూపు నీటిలో ఎనిమిదిని ఎవరు గుర్తింతురు? ఎంత ఉప్పున్నదో విద్యుత్తు చెప్పును. ఏ ఉప్పో చెప్పలేదు.

పప్పు పరీక్ష ఇంకను మోసకారి. కాల్షియము ఎక్కువగా నున్నచోట ఫ్లోరైడు దానితో కలిసి అడుగున చేరును. కాల్షియము తగ్గి, సోడియము బైకార్బనేటు హెచ్చిన నీటిలో కరిగియే నిలుచును. పప్పు చక్కగా ఉడుకునది ఆ నీటిలోనే! అందుచేత ఫ్లోరైడుకు వేరు పరీక్ష కావలెను. జిర్కోనియము, అలిజరిన్ కలిసిన ఎర్రని ద్రవమును నీటిలో వేసినచో, ఫ్లోరైడు హెచ్చినకొలది ఎరుపు విరిగి పసుపునకు తిరుగును.