ప్రవక్తల శిష్యులకు చోటు చాలనప్పుడు



రెండవ రాజుల గ్రంథము ఆరవ అధ్యాయంలో గొడ్డలి నీళ్లమీద తేలిన అద్భుతాన్ని మన సండేస్కూలు పిల్లలు కూడా చెబుతారు. అసలు ఆ గొడ్డలి యొర్దాను ఒడ్డుకు ఎందుకు వచ్చింది? ఎలీషా దగ్గరున్న ప్రవక్తల శిష్యులకు చోటు ఇరుకైంది. తలా ఒక మ్రాను నరికి తెచ్చి నివాసం కట్టుకుంటామని వారే అడిగారు. అంటే అది చదువుకునేవారి కోసం మొదలైన కట్టడం. చేతిలోని గొడ్డలి మాత్రం ఎరవు తెచ్చినది.

ఈ అధ్యాయం చదివినప్పుడెల్లా మాకు పోలెండు దేశంలోని లూబ్లిన్ పట్టణం జ్ఞాపకం వస్తుంది.

ధర్మశాస్త్రమును, తల్మూదును అధ్యయనం చేసే బడిని యూదులు యెషీవా అంటారు. నూరేళ్ల క్రితం తూర్పు ఐరోపాలో చాలా యెషీవాల పిల్లలకు సొంత వంటిల్లంటూ లేదు. రోజుకొక ఇంట తిని, చాలామంది ప్రార్థనా మందిరపు బల్లలమీదే పడుకొనేవారు. ధర్మపురి వారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. వేదం నేర్చుకునే పేద పిల్లలు వారాలు చేసుకొని చదివిన సంగతి పెద్దలు చెప్పగా విన్నవాళ్లమే. సోమవారం ఈ ఇల్లు, మంగళవారం ఆ ఇల్లు. పెట్టే తల్లి మనసు మంచిదే కావచ్చు. అయినా తినేవాడు ప్రతి గడప దగ్గరా తల వంచుకోవాల్సిందే.

మెయిర్ షపీరో అనే రబ్బీకి ఇది మింగుడు పడలేదు. 1887లో పుట్టిన ఆయన పోలెండు పార్లమెంటు సభ్యుడు కూడా. ఒక దాత లూబ్లిన్‌లో స్థలమిచ్చాడు. 1924 మే నెలలో వేలాదిమంది ఎదుట పునాదిరాయి వేశారు. అగెనోర్ స్మోలుహోవ్‌స్కి అనే ఇంజనీరు నమూనా గీశాడు. ఆరంతస్తుల మేడ. పెద్ద అధ్యయనశాల, దానితో పాటే వంటశాల, భోజనశాల, పడకగదులు, గ్రంథాలయం, శుద్ధి స్నానానికి కొలను, అన్నీ ఒకే కప్పు కింద. బలుల సంగతులు చదివేవారికి కంటికి కనబడేలా యెరూషలేము దేవాలయపు నమూనా ఒకటి చేయించి పెట్టారు. అన్నానికీ పడకకూ పిల్లవాడు ఎవరి ఇంటికీ పోనక్కరలేకుండా గీసిన ప్లాను అది.

మన పల్లెల్లో మందిరం కట్టాలంటే కమిటీలో ముందు తేలేది గోపురం ఎత్తు. పిల్లలు ఎక్కడ కూర్చుంటారన్నది స్లాబు పడ్డాక గుర్తొస్తుంది. ఈ మాటకు ఎవరూ నొచ్చుకోవద్దు, ఆ కమిటీల్లో మేమూ కూర్చున్నాము.

గోడలు లేపడం కంటే డబ్బు కూడగట్టడమే కష్టమైంది. షపీరో విరాళాల కోసం దేశాలు తిరిగాడు, అమెరికాలోనే ఏడాది పైచిలుకు గడిపాడు. ఇంతలో 1929 ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. పునాదికీ ప్రారంభానికీ మధ్య ఆరేళ్లు గడిచి, 1930 జూన్‌లో బడి తెరిచారు. అప్పులు మాత్రం తీరలేదు. వాటిని తీర్చే దారి దొరుకుతుందని ఆయన లోజ్ నగరపు రబ్బీ పదవికి ఒప్పుకున్నాడంటారు. ఆ పదవిలో కూర్చోకముందే, 1933 అక్టోబరులో, 46 ఏళ్లకే కన్నుమూశాడు. ఎరవు గొడ్డలి నీళ్లలో పడినప్పుడు అయ్యో అన్న ఆ శిష్యుని కేక మాకు ఇక్కడ వినబడుతుంది.

బడి నడిచింది తొమ్మిదేళ్లు. 1939లో జర్మన్ సైన్యం వచ్చి మూసేసింది. 1942లో లూబ్లిన్ యూదులను వేల సంఖ్యలో బెల్జెత్స్‌కు తీసుకుపోయి చంపారు. మేడను కూల్చలేదు. యుద్ధం తర్వాత అందులో వైద్య విద్యాలయం నడిచింది. 2003లో భవనం తిరిగి యూదుల చేతికొచ్చింది, 2007లో లోపలి ప్రార్థనా మందిరాన్ని మళ్లీ ప్రతిష్ఠించారు. ఇప్పుడు అక్కడ ఒక హోటలు కూడా ఉంది. వెళ్లిన పిల్లలు మాత్రం తిరిగి రాలేదు.

షపీరో పునాదిరాయి వేయడానికి ముందు ఏడాదే, 1923లో, వియన్నాలో జరిగిన మహాసభలో ఇంకొక సంగతి ప్రతిపాదించాడు. లోకంలో ఎక్కడున్నా యూదులందరూ రోజుకొక తల్మూదు పత్రం, ఏ రోజుకు ఆ రోజు అందరూ అదే పత్రం చదవాలన్నాడు. దీనికి స్థలమూ అక్కరలేదు, సిమెంటూ అక్కరలేదు. మొత్తం 2,711 పత్రాలు, ఒక్కసారి ముగించడానికి ఏడేళ్లకు పైనే పడుతుంది. పద్నాలుగో సారి 2020 జనవరిలో మొదలుపెట్టారు, 2027 జూన్‌లో ముగిస్తారు. కొందరు పనికి పోయే రైల్లో కూర్చుని ఆ రోజు పత్రం చదువుకుంటారట.