న్యాయపీఠము - రాజశక్తి : శ్రీ కోకా సుబ్బారావుగారి చరిత్రము

న్యాయాధిపతికి స్వాతంత్ర్యము తనకొఱకు గాదు. తన యెదుట నిలుచు దుర్బలుని కొఱకు. ప్రభుత్వమే ప్రతివాదియైనపుడు ప్రభుత్వమునకు వెఱచు న్యాయాధిపతి యున్న నేమి, లేకున్న నేమి? ఈ విషయమును ఆంధ్రదేశమున జన్మించి భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిన శ్రీ కోకా సుబ్బారావుగారి చరిత్రము మూలమున పాఠకులకు విన్నవింప దలచితిమి.

వారు 1902 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. మద్రాసున న్యాయవాదులుగ పేరుగాంచి, 1948లో అచ్చటి హైకోర్టు న్యాయమూర్తులైరి. 1954లో గుంటూరున ఆంధ్ర హైకోర్టు వెలసినపుడు దానికి ప్రథమ ప్రధాన న్యాయమూర్తులైరి. 1958లో సుప్రీంకోర్టున ప్రవేశించిరి.

ఆ కాలముననే మన బస్సుల తగవొకటి వారి యెదుటికి వచ్చెను. కృష్ణా జిల్లా మార్గములను ప్రభుత్వ రవాణా సంస్థకు అప్పగింప ప్రభుత్వము పూనుకొనగా, బస్సు యజమానులు ఆక్షేపించిరి. ఆక్షేపణలను విన్నది రవాణా శాఖ కార్యదర్శి, నిర్ణయించినది ముఖ్యమంత్రి. ఒకరు విని వేఱొకరు నిర్ణయించుట విచారణ కానేరదనియు, వ్యవహారమున కక్షియైన శాఖవారే తగవరులగుట తగదనియు వారు తీర్పు వ్రాసిరి. పిమ్మట ముఖ్యమంత్రి స్వయముగ విని నిర్ణయింపగా, ఆ నిర్ణయమును వారే నిలిపిరి. కావున వారికి ప్రభుత్వముపై పగ యనువారి మాట పొసగదు.

1962లో ఖరక్ సింగు వ్యాజ్యెమున, పోలీసులు పౌరుని వెన్నంటి కనిపెట్టుట వ్యక్తిస్వాతంత్ర్యమునకు భంగమని వారు అల్పసంఖ్యాక పక్షమున వ్రాసిరి. 55 సంవత్సరముల పిమ్మట, 2017లో, తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యతను ప్రాథమిక హక్కుగ నంగీకరించి, ఆ పక్షమునే ఆదరించెను.

ప్రధాన న్యాయమూర్తులుగా 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పు వెలువరించిరి. ప్రాథమిక హక్కులను హరించు సవరణము చేయ పార్లమెంటునకు అధికారము లేదని ఆర్గురు, కలదని ఏవురు పలికిరి. అయినను పూర్వపు భూసంస్కరణములు చెడకుండ, ఆ నియమము ఇకమీదటనే వర్తించునని కట్టడి చేసిరి.

ఏప్రిల్ 11న, పదవీకాలము ఇంకను మూడు మాసములుండగనే, వారు రాజీనామా చేసి ప్రతిపక్షముల అభ్యర్థిగ రాష్ట్రపతి పదవికి నిలిచిరి. శ్రీ జాకీర్ హుస్సేన్‌గారికి 4,71,244, వీరికి 3,63,971 వోట్ల విలువ లభించెను. ఇది శాసనవిరుద్ధము గాదు; వారి తీర్పుల హేతువులు వాని బలముననే నిలుచును. అయినను న్యాయపీఠమునకు ఎన్నికల రంగమునకు నడుమ కొంత యెడముండుట మేలని మా యభిప్రాయము. న్యాయము స్వతంత్రమై యుండుటయే చాలదు, అట్లని ప్రజలకు తోపవలయును.

ఇక రెండవ వైపు చూడుడు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్ తీర్పును త్రోసివేసియు, రాజ్యాంగ మూలస్వరూపమును పార్లమెంటు మార్పజాలదని నిలిపెను. మఱునాడే ప్రభుత్వము ముగ్గురు జ్యేష్ఠ న్యాయమూర్తులను దాటించి శ్రీ ఎ. ఎన్. రే గారిని ప్రధాన న్యాయమూర్తిగ ప్రకటించెను. ఆ మువ్వురును పదవులను వదలిరి.

పదవి నిచ్చి లొంగదీయుట, పదవి నీయక దండించుట, రెండును ఒక్క ఖడ్గమునకు రెండంచులు. న్యాయవాదవృత్తి నవలంబించు మన యువకులు సుబ్బారావుగారి ధైర్యమును ఆదర్శముగ గొని, వారి తుదినిర్ణయమును వివేకముతో విమర్శించి, రెండంచులనుండియు తమ్ము కాపాడుకొందురుగాక!